పది రంధ్రాల్లో మాయామాళవగౌళ: ఎలక్ట్రానిక్ హార్మోనికా ప్రాజెక్టు డైరీ

2025 జూన్ 7, శనివారం

ఉదయం బనశంకరిలో మెట్రో ఎక్కి చిక్‌పేటలో దిగి, ఎస్.పి. రోడ్డుకు నడిచి వెళ్ళి, పన్నెండు బీఎంపీ280 గాలి ఒత్తిడి సెన్సర్లు, అయస్కాంతాన్ని పసిగట్టే 49ఈ హాల్ సెన్సర్లు రెండు, మూడు మీటర్ల సన్నని సిలికాన్ గొట్టం కొనుక్కొచ్చాను. టీన్సీ 4.0 అనే చిన్న మైక్రోకంట్రోలరు బోర్డు ఇదివరకే ఇంట్లో ఉంది. నేను చేయదలచుకున్నది ఎలక్ట్రానిక్ హార్మోనికా (మౌత్ ఆర్గాన్) కంట్రోలరు. దాని లోపల రీడ్లు, అంటే గాలికి అదిరి పలికే లోహపు నాలుకలు, ఉండవు, కనుక అది తనంతట తాను ధ్వని చేయదు. ఏ రంధ్రం మీద పెదవులున్నాయి, ఊదుతున్నామా పీలుస్తున్నామా, ఎంత బలంగా అన్న మూడు సంగతులను కనిపెట్టి మిడి (సంగీత పరికరాలు స్వరాలను చెప్పుకునే డిజిటల్ భాష) సందేశాలుగా కంప్యూటరుకు పంపడమే దాని పని.

ఇలాంటి పరికరాలు కొత్తవేమీ కావు. 1980లలోనే మిలియొనైజర్ 2000 అనే ఎలక్ట్రానిక్ హార్మోనికా వచ్చింది. మన కాలంలో స్వీడన్‌కు చెందిన ఎరిక్ లెఖోమ్ తయారుచేసే డీఎం48 ఉంది. అది పన్నెండు రంధ్రాల క్రొమాటిక్ (బొత్తం సాయంతో అన్ని అర్ధస్వరాలూ పలికే) హార్మోనికా పద్ధతిలో నడుస్తుంది. 1987లో వచ్చిన యమహా డబ్ల్యూఎక్స్7, అకాయ్ ఈడబ్ల్యూఐ వంటి వాయు కంట్రోలర్లు వీటికంటే ఎక్కువ మందికి తెలుసు కానీ, వాటిలో స్వరం ఊపిరి వదిలినప్పుడే పలుకుతుంది. పీల్చే ఊపిరి కూడా స్వరం కావడమే నన్ను హార్మోనికా వైపు లాగింది. చిన్నప్పుడు పిన్ని దగ్గర కర్ణాటక సంగీతపు తొలి పాఠాలైన సరళి స్వరాలు నేర్చుకున్నవాడిని, పదిహేనేళ్ళుగా మౌత్ ఆర్గాన్ వాయిస్తున్నవాడిని. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవకపోవడం నన్ను ఎప్పటినుంచో బాధిస్తున్న విషయం.

జూన్ 8, ఆదివారం

ఇంకా సోల్డరింగ్ మొదలుపెట్టలేదు. ఈ రోజంతా కాగితం మీద స్వరాల అమరికతోనే గడిచింది. నా ఉద్దేశంలో ఈ ప్రాజెక్టుకు ప్రాణం అదే.

మామూలు పది రంధ్రాల హార్మోనికాలో, షడ్జమాన్ని మొదటి రంధ్రపు ఊదు స్వరంగా తీసుకుంటే, ఊదినప్పుడు వరుసగా స గ ప స గ ప స గ ప స పలుకుతాయి. పీల్చినప్పుడు రి ప ని రి మ ద ని రి మ ద పలుకుతాయి. సప్త స్వరాలూ లోటు లేకుండా దొరికేది నాలుగు నుంచి ఏడు వరకు ఉన్న నాలుగు రంధ్రాల్లోనే. కింది స్థాయిలో మధ్యమం, ధైవతం లేవు. పై స్థాయిలో నిషాదం లేదు. ఇది తయారీలో జరిగిన పొరపాటు కాదు, ఎందుకంటే ఊదితే ఒక కార్డు (కలిసి పలికే స్వరాల గుంపు), పీలిస్తే ఇంకొక కార్డు పలికి పాటకు తోడుగా నిలవాలన్నదే ఆ అమరిక ఉద్దేశం. కార్డుల అవసరం లేని మన సంగీతానికి మాత్రం అది చుట్టం చూపుగా వచ్చిన వాద్యంలాగే ఉండిపోయింది. పైగా నాలుగు, ఐదు, ఆరు రంధ్రాల్లో ముందు ఊది తరువాత పీల్చే క్రమం ఏడవ రంధ్రం దగ్గర తిరగబడి, నిషాదాన్ని ముందు పీల్చి షడ్జమాన్ని తరువాత ఊదవలసి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవారందరూ తడబడేది అక్కడే.

రీడ్లు లేని వాద్యంలో ఈ అమరిక కోడులోని ఒక పట్టిక మాత్రమే, కాబట్టి దాన్ని ఇలా మార్చాను. మొదటి రంధ్రంలో ఊదితే మంద్ర (కింది స్థాయి) పంచమం, పీలిస్తే ధైవతం. రెండవ దానిలో నిషాదం, షడ్జమం. మూడవ దానిలో మళ్ళీ అదే షడ్జమం ఊదడానికి, రిషభం పీల్చడానికి. నాలుగులో గాంధార మధ్యమాలు, ఐదులో పంచమ ధైవతాలు, ఆరులో నిషాదం, తార (పై స్థాయి) షడ్జమం. ఏడు నుంచి పది వరకు అదే వరుస పై స్థాయిలో సాగుతుంది. పది రంధ్రాలూ సరిగ్గా సరిపోయాయి: మంద్ర పంచమం నుంచి తార స్థాయి దాటి ఆపై షడ్జమం దాకా. గాత్రానికి కావలసిన మంద్ర పంచమం, తార పంచమం రెండూ ఇందులో ఇమిడిపోయాయి. ఏ రంధ్రంలోనైనా ముందు ఊదుడు, తరువాత పీల్పు. ఒక్క షడ్జమం మాత్రం రెండు పక్కపక్క రంధ్రాల్లో, రెండు ఊపిరి దిశల్లోనూ దొరుకుతుంది. ఊపిరి నిండి ఉంటే ఊది, తరిగి ఉంటే పీల్చి షడ్జమం మీద నిలవవచ్చు. ఈ సంగతి కాగితం మీద కనిపించినప్పుడు రాత్రి పదకొండు దాటింది. ఆ తరువాత నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టింది.

జూన్ 14, శనివారం

నోటికి తగిలే భాగాన్ని త్రీడీ ప్రింటులో చేయాలని మొదట అనుకున్నాను గానీ, ప్రింటు గీతల సందుల్లో ఉమ్మి తడి నిలిచిపోతుందన్న సందేహంతో మానుకున్నాను. దానికి బదులు చవక రకం హార్మోనికా ఒకటి విప్పి, రీడు పలకలు రెండూ తీసేసి, మధ్యనున్న దువ్వెన ఆకారపు ప్లాస్టిక్ చట్రాన్ని ఉంచుకున్నాను. దాని గదులు వెనకవైపు మూసి ఉంటాయి, పైనా కిందా తెరిచి ఉంటాయి. పైన ఒకటి, కింద ఒకటి చొప్పున అక్రిలిక్ పలకలు కోసి బిగించాను. పై పలకలో ప్రతి గదికీ సెన్సరుకు వెళ్ళే గొట్టం కోసం ఒక బెజ్జం, కింది పలకలో గాలి పోవడానికి మరొక బెజ్జం వేశాను. ఉమ్మి చుక్క కిందికే జారుతుంది కాబట్టి సెన్సరు గొట్టం పైన ఉండడం మంచిది. ఆ గొట్టం చివర మూసి ఉన్నందున అందులోని గాలి దాదాపు కదలదు, తడి సెన్సరు దాకా పాకే అవకాశం తక్కువ.

రంధ్రాల మధ్య దూరం సుమారు 7.5 మిల్లీమీటర్లు, సెన్సరు మాడ్యూలు వెడల్పు 11 మిల్లీమీటర్ల పైనే. పక్కపక్కన పట్టవు గనుక ఐదేసి చొప్పున రెండు వరుసలు చేసి గొట్టాలతో కలిపాను. మాడ్యూలు మీద ఉన్న చిన్న లోహపు డబ్బీకి సూది మొనంత బెజ్జం ఉంటుంది. గొట్టాన్ని జిగురుతో అతికించేటప్పుడు ఒక సెన్సరులో ఆ బెజ్జం పూడిపోయింది. అది పోయినట్టే. మిగిలిన వాటికి ముందు చిన్న ప్లాస్టిక్ టోపీ పెట్టి, జిగురు టోపీ అంచుకు మాత్రమే తగిలేలా అతికించాను.

జూన్ 22, ఆదివారం

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ సెన్సరు చూపే గాలి ఒత్తిడి దాదాపు 91,000 పాస్కళ్ళు. మెల్లగా ఊదినప్పుడు రంధ్రంలో పెరిగే ఒత్తిడి వంద పాస్కళ్ళ లోపే ఉంటుంది. అంటే తొంభై వేల పైచిలుకు అంకెలో పదుల తేడాను పట్టుకోవాలి. అది కష్టం కాదని డేటా షీటు చెబుతోంది, సెన్సరుకు ఆ సూక్ష్మత ఉంది. కష్టం ఇంకో చోట ఎదురైంది. వాద్యాన్ని ఒడిలోంచి నోటి దాకా ఎత్తితే చాలు, ఎవరూ ఊదకుండానే పది సెన్సర్లూ ఒక్కసారిగా ఐదారు పాస్కళ్ళు తగ్గాయి. మీటరు ఎత్తుకు గాలి ఒత్తిడి పది పాస్కళ్ళకు పైగా తగ్గుతుందన్నది చదువుకున్న విషయమే అయినా, అది నా చేతిలో కదులుతుంటే తెర మీద చూడడం వేరు. వీధి తలుపు గట్టిగా మూసినా గీతలన్నీ ఎగిరిపడ్డాయి.

అందుకే ఒక సెన్సరుకు గొట్టం తగిలించకుండా పెట్టెలోనే బయటి గాలికి వదిలాను. ప్రతి రంధ్రపు ఒత్తిడిలోంచి దాని ఒత్తిడిని తీసేస్తే ఎత్తు, వాతావరణం, తలుపు చప్పుడు అన్నీ రెండు వైపులా సమానంగా ఉండి రద్దయిపోతాయి. మిగిలేది ఊపిరి మాత్రమే. అది ధనమైతే ఊదుడు, ఋణమైతే పీల్పు. 60 పాస్కళ్ళు దాటితే స్వరం మొదలు, 35 కంటే తగ్గితే ఆగుతుంది. రెండు హద్దులూ ఒకటే అయితే ఆ గీత దగ్గర స్వరం గజగజలాడుతుంది. వెచ్చని ఊపిరికి సెన్సరు మెల్లగా వేడెక్కడం వల్ల సున్నా కొద్దిగా జరుగుతోంది. పెదవులు తీసిన ప్రతిసారీ సున్నాను మళ్ళీ సరిచూసుకునేలా రాశాను.

ఆలస్యం సంగతి: ఈ సెన్సరు అతి వేగపు అమరికలో ఒక కొలతకు సుమారు 6 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. పదకొండూ ఏకకాలంలో కొలుస్తాయి కాబట్టి ఆ 6 పదకొండింతలు కాదు. కంప్యూటరులో సెకనుకు 48,000 నమూనాల వేగంతో 128 నమూనాల బఫరు (ధ్వని పోగయ్యే తాత్కాలిక నిల్వ) పెడితే ఇంకో 2.7 మిల్లీసెకన్లు. సరళి స్వరాలు మూడవ కాలంలో (నాలుగింతల వేగంతో) వాయించినా నా చెవికి వెనకబాటు తెలియలేదు.

జూలై 5, శనివారం

ఈ వారమంతా కింది పలకలోని బెజ్జాల కొలతతోనే సరిపోయింది. మొదట 1 మిల్లీమీటరు బెజ్జాలు వేశాను. ఒత్తిడి గీతలు ముచ్చటగా వచ్చాయి, కానీ రెండు నిమిషాలు వాయించేసరికి ఊపిరాడనట్టయింది. లెక్క వేస్తే కారణం తెలిసింది. 300 పాస్కళ్ళ దగ్గర 1 మిల్లీమీటరు బెజ్జం గుండా సెకనుకు పదకొండు మిల్లీలీటర్ల గాలి మాత్రమే కదులుతుంది. ఊపిరి అయిపోవడం కాదు, వాడిన ఊపిరి బయటికి పోకపోవడం అసలు సమస్య. ఊదీ ఊదీ ఛాతీ నిండా చెడుగాలి నిలిచిపోతుంది. 3 మిల్లీమీటర్లకు పెంచితే హాయిగా ఉంది గానీ, మెత్తగా ఊదినప్పుడు స్వరం పుట్టేంత ఒత్తిడి లేవడం లేదు. చివరికి 2.5 దగ్గర స్థిరపడ్డాను. అదే ఒత్తిడికి సెకనుకు సుమారు డెబ్భై మిల్లీలీటర్లు. పెదవులకు రీడు అదురు తెలియదు, ఆ లోటు లోటే. అయినా గాలి పోతోందన్న స్పర్శ ఉంటే నోరు దీన్ని వాద్యంగానే ఒప్పుకుంటుంది.

జూలై 19, శనివారం

రెండు సెన్సర్లు మొండికేశాయి. కొన్నప్పుడే అన్నిటి గుర్తింపు సంఖ్యా చదివి చూసుకోవలసింది. బీఎంపీ280 అయితే హెక్సా (పదహారు అంకెల) పద్ధతిలో 58 రావాలి, వీటిలో ఒకటి అసలు జవాబే ఇవ్వలేదు, ఇంకొకటి రోజుకో అంకె చెబుతోంది. దుకాణంలో మార్చి ఇవ్వనన్నారు. జిగురుతో పోయిన దాన్ని కూడా కలిపి మూడు కొత్తవి తెచ్చి, రెండు బిగించి ఒకటి అదనంగా ఉంచాను.

ఆగస్టు 2, శనివారం

సాయంత్రం పెట్టెను, లాప్‌టాప్‌ను తీసుకుని మల్లేశ్వరంలోని పిన్ని ఇంటికి వెళ్ళాను. ధ్వని కోసం సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సింథసైజరును వాడుతున్నాను. ఊపిరి బలం, మిడిలో ఊపిరికి కేటాయించిన సీసీ 2 సందేశంగా వెళ్ళి అందులో ధ్వని మోతాదును, ఫిల్టరు తెరుచుకోవడాన్ని నడిపిస్తుంది. ఫోనులో తంబూరా పెట్టి సరళి స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగం ఆరోహణ వాయించాను. పిన్ని కళ్ళు మూసుకుని విని, రెండోసారి వాయించమని, గాంధారం మీద చెయ్యి ఎత్తి ఆపింది.

"గాంధారం పైకి పోతోంది నాన్నా. తంబూరాలో తనంతట తాను పలికే గాంధారం విను, నువ్వు దానికి ఎగువన నిలబడుతున్నావు."

నిజమే. మిడి స్వరాలు సమాన విభజనవి, అంటే స్థాయిని పన్నెండు సమాన అర్ధస్వరాలు చేసినవి; అందులో అంతర గాంధారం షడ్జమం నుంచి 400 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు). తంబూరాలో వినిపించే గాంధారం ఐదు బై నాలుగు నిష్పత్తిది, అంటే 386 సెంట్లు. ఆ పద్నాలుగు సెంట్ల తేడా నాకు అలవాటు వల్ల వినిపించలేదు, యాభై ఏళ్ళుగా తంబూరా పక్కన కూర్చున్న మనిషికి ముల్లులా గుచ్చుకుంది. అక్కడే కూర్చుని పట్టికలో ప్రతి స్వరానికీ సవరణ చేర్చాను: శుద్ధ రిషభానికి 12 పైకి, గాంధారానికి 14 కిందికి, మధ్యమానికి 2 కిందికి, పంచమానికి 2 పైకి, శుద్ధ ధైవతానికి 14 పైకి, కాకలి నిషాదానికి 12 కిందికి. స్వరంతోపాటే పిచ్ బెండు (స్వరాన్ని కాస్త పైకో కిందికో జరిపే) సందేశంగా ఆ సవరణ వెళుతుంది.

అయినా గాంధారం కలవలేదు. ఒక గంట వెతికాక దొరికింది. నా కోడు పిచ్ బెండు పరిధిని ఇటు 12, అటు 12 అర్ధస్వరాలని లెక్కవేస్తోంది, సింథసైజరు మాత్రం మామూలుగా ఉండే 2 అర్ధస్వరాల దగ్గరే ఉంది. 14 సెంట్లు దించమంటే అది రెండు సెంట్లకు కాస్త పైగా మాత్రమే దించింది. దాన్ని 12 చేసి మళ్ళీ గాంధారం మీద నిలిచాను. తంబూరాకూ దానికీ మధ్య వినిపించే అలలు మెల్లగా సన్నబడి, ఆగిపోయి, గది నిండా ఒకే నాదం మిగిలింది. పిన్ని ఏమీ అనలేదు, తనూ అదే గాంధారం అందుకుంది. ఈ రెండు నెలల పనిలో నాకు అందిన అతి పెద్ద కూలి అదే.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు రోజు. జారు కోసం, అంటే ఒక స్వరం నుంచి ఇంకొకదానికి తెగకుండా జారే గమకం కోసం, పూర్తిగా కేటాయించాను.

ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి నోరు జరిపేటప్పుడు కొంతసేపు రెండిటిలోకీ గాలి పోతుంది. దాన్ని దోషంగా భావించి, బలమైన రంధ్రాన్ని మాత్రమే ఉంచి రెండవదాన్ని వదిలేసేలా జూన్‌లో రాశాను. నిన్న రాత్రి గీతలు చూస్తుంటే ఒక ఒత్తిడి తగ్గుతూ పక్కది పెరుగుతూ ఉన్న ఆ రెండు గీతలు అచ్చంగా జారు గుర్తులాగే కనిపించాయి. ఈ రోజు ఆ రెండు ఒత్తిళ్ళ నిష్పత్తిని పిచ్ బెండుగా మార్చాను. మూడవ రంధ్రంలో ఊదుతూ నోటిని నాలుగో దాని వైపు మెల్లగా జరిపితే, షడ్జమం నుంచి గాంధారానికి స్వరం తెగకుండా జారుతుంది. సగంలో ఆపితే సగంలోనే నిలుస్తుంది. రీడ్లున్న హార్మోనికాలో ఇలా జరపడం కుదరదు, అక్కడ రెండు రీడ్లూ కలిసి పలుకుతాయి. నా అమరికలో ఊదేటప్పుడు స గ ప ని మధ్య, పీల్చేటప్పుడు రి మ ద స మధ్య ఈ జారు దొరుకుతుంది.

దీనికి ఒక ఖర్చుంది. పెదవులు కాస్త అదుపు తప్పినా కోరని జారు వచ్చేస్తోంది. అందువల్ల రెండవ రంధ్రం ఒత్తిడి మొదటి దానిలో మూడో వంతు దాటేదాకా పట్టించుకోకుండా హద్దు పెట్టాను. సరళి స్వరాలు నేర్చుకునే పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు జారును పూర్తిగా ఆపే స్విచ్చు ఒకటి ఉండాలి.

ఆగస్టు 24, ఆదివారం

రిషభం నుంచి గాంధారానికి ఊపిరి దిశ మారుతుంది కాబట్టి నోటితో జారు కుదరదు. కంపితానికి (స్వరాన్ని ఊపే గమకానికి) కూడా వేరే దారి కావాలి. మామూలు హార్మోనికాలో వాయించేవారు నోటి లోపలి ఆకారాన్ని మార్చి నాలుగవ రంధ్రపు పీల్పు స్వరాన్ని అర్ధస్వరం, మూడవ దాన్ని ఒకటిన్నర స్వరం దాకా వంచగలరు. ఆ వంపు రీడుకూ నోటి కుహరానికీ మధ్య జరిగే వ్యవహారం. నా పెట్టెలో రీడు లేదు గనుక ఒత్తిడి సెన్సరుకు నాలుక ఎక్కడుందో తెలియదు. ఈ నష్టం నిజమైనది, దాన్ని కోడుతో పూడ్చలేం.

క్రొమాటిక్ హార్మోనికాలో బొత్తం ఉండే కుడివైపు చివర, స్ప్రింగుకు బిగించిన చిన్న మీట పెట్టి, దాని కొనకు అయస్కాంతం అతికించి, ఎదురుగా హాల్ సెన్సరు అమర్చాను. చూపుడు వేలితో లోపలికి నొక్కితే శ్రుతి పెరుగుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది, వదిలేస్తే మధ్యకు వస్తుంది. రాపిడి లేదు కాబట్టి అరుగుదల భయం లేదు.

మొదటి ప్రయత్నంలో కంపితం అంబులెన్సు సైరనులా వచ్చింది. వేలు ఎంత చక్కగా ఆడించినా అంతే. పిన్నికి ఫోనులో వినిపిస్తే, "ఊపు వేలిలో ఉంది, ఊపిరిలో లేదు నాన్నా. పాడేటప్పుడు కింది అంచున గొంతు కాస్త తగ్గుతుంది, చూసుకో" అన్నది. స్వరం కింది అంచుకు దిగినప్పుడు ఊపిరిని కొద్దిగా తగ్గించి వాయించాను. అప్పుడు పాటలా వినిపించింది. ఆ తగ్గింపును కోడులోనే పెట్టేయవచ్చు, పది నిమిషాల పని. పెట్టలేదు. అలా పెడితే ప్రతి కంపితమూ ఒకేలా ఉంటుంది, ఏ రాగంలో ఎంత తగ్గాలో నిర్ణయించేది వాయించేవారే అయి ఉండాలి.

ధ్వనుల విషయంలో ఒక మాట. వీణ వంటి మీటు వాద్యాల నమూనాలు దీనికి నప్పవు. మీటిన తరువాత తగ్గిపోవడం వాటి స్వభావం, ఊపిరి పెంచినా అవి పెరగలేవు. వేణువు, రీడు, కమాను వాద్యాల తరహా ధ్వనులే ఊపిరికి జవాబిస్తాయి. నాకు బాగా నచ్చినది సర్జ్‌లో నేనే కట్టుకున్న సాదా రంపపు పళ్ళ తరంగం, మెత్తని ఫిల్టరుతో. రాత్రిళ్ళు హెడ్‌ఫోను పెట్టుకుని, పక్క ఫ్లాటువారికి తెలియకుండా రెండు గంటలు సాధన చేసుకోగలుగుతున్నాను.

ఆగస్టు 31, ఆదివారం

ఈ రోజు మోహనం కోసం రెండవ పట్టిక రాశాను. అందులో మధ్యమం, నిషాదం లేవు. వాటి చోట్లు ఖాళీగా వదలకుండా, నాలుగవ రంధ్రపు పీల్పులో పంచమం, ఆరవ రంధ్రపు ఊదుడులో ధైవతం పెట్టాను. ఇప్పుడు షడ్జమం, పంచమం, ధైవతం మూడూ రెండు ఊపిరుల్లోనూ దొరుకుతాయి. రిషభం పీల్పులో, గాంధారం ఊదుడులో మాత్రమే. ఆలాపనలో పంచమం మీద ఎంతసేపైనా నిలిచి, ఊపిరి అయిపోబోయే ముందు పక్క రంధ్రానికి మారి అదే పంచమాన్ని పీలుస్తూ కొనసాగించవచ్చు. మారే క్షణంలో చిన్న తెగు వినిపిస్తోంది, ఎందుకంటే ఒత్తిడి సున్నా దాటేటప్పుడు స్వరం ఆగి మళ్ళీ మొదలవుతోంది. పాత స్వరం ముగింపును 40 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి చూశాను, తెగు తగ్గింది గానీ వేగపు జంట స్వరాల్లో రెండు స్వరాలు అతుక్కుపోతున్నాయి. కొత్తగా వచ్చిన స్వరం పాతదే అయినప్పుడు మాత్రమే ఆలస్యం వర్తించేలా రేపు మారుస్తాను.

మొదటి రంధ్రం సెన్సరు సున్నా మళ్ళీ జరుగుతోంది. గొట్టం విప్పి చూస్తే లోపల సన్నని తడి పొర ఉంది. దాని వంపును కొంచెం పైకి మార్చి బిగించి, రాత్రంతా ఆరేందుకు వదిలాను. వచ్చే శనివారం పిన్ని దగ్గరికి మోహనం వినిపించడానికి వెళ్ళేలోపు అది నిలకడగా ఉంటే సరే, లేకపోతే పెట్టెలో మిగిలిన ఆఖరి సెన్సరును అక్కడ వేస్తాను.